లిల్లీ వంశం వెతకబోయే ముందు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నగరంలో అమ్మే లిల్లీల జన్యువంశం తేలుస్తానని నువ్వు ఫోనులో చెప్పినప్పుడు నవ్వాను. నువ్వు నొచ్చుకున్నావని మీ నాన్న చెప్పాడు. నవ్వు వచ్చింది నిన్ను చూసి కాదమ్మా, గుడిమల్కాపూర్ మార్కెట్ గుర్తొచ్చి. అక్కడికి వెళ్లి లిల్లీలు కావాలని అడుగు. తక్కెడలో తూచి నేలసంపెంగలు ఇస్తారు. దండలు కట్టేవాళ్లకూ, పండించే రైతులకూ లిల్లీ అంటే అదే. నిజానికి అది మెక్సికో నుంచి వచ్చిన మొక్క, కిత్తనారకు దగ్గరి బంధువు. దాని క్రోమోజోముల్లో 5 జతలు పెద్దవి, 25 జతలు చిన్నవి. కిత్తనారలోనూ అదే వరస. నువ్వు గంపెడు నేలసంపెంగలు తెచ్చి డీఎన్ఏ తీస్తే లిల్లీ వంశం కాదు, కిత్తనార వంశం బయటపడుతుంది.

అందుకే ప్రయోగశాలకు వెళ్లేముందు బ్లేడు, భూతద్దం పట్టుకో. పువ్వును నిలువుగా కోసి అండాశయం ఎక్కడుందో చూడు. అసలైన లిల్లీలో అది పువ్వు లోపల, రేకులు పుట్టే చోటికి పైన ఉంటుంది. నేలసంపెంగలోనూ, తొలకరికి కుండీల్లో విచ్చుకునే వాన లిల్లీలోనూ కింద ఉంటుంది. డే లిల్లీ మాత్రం ఈ పరీక్షకు దొరకదు. దాన్ని పెకలించి చూడు, పొరల దుంప ఉండదు. పెద్ద బొకే దుకాణాల్లో కాడల లెక్కన అమ్మే ఏషియాటిక్, ఓరియంటల్ రకాలే నీకు కావలసినవి.

ఈ పేర్ల గందరగోళంలో మా తరం పంతుళ్ల పాపమూ ఉంది. నేను ముప్పై ఏళ్లు పాతకాలపు వృక్షశాస్త్రజ్ఞులు బెంథామ్, హుకర్ల వర్గీకరణే చెప్పాను. అందులో ఉల్లి, కలబంద, శతావరి, అడవినాభి అన్నీ లిలియేసీ అనే ఒకే ఇంట్లో ఉండేవి. డీఎన్ఏ వచ్చి ఆ ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టింది. ఎవరి వాటా తీసుకుని వాళ్లు వెళ్లిపోయారు. మన దక్కను పొదల్లో ఎర్రగా, పసుపుగా మంటలా పూసే అడవినాభి మాత్రం, కుటుంబం మారినా లిల్లీల క్రమంలోనే నిలిచింది. నువ్వు క్రోమోజోములు లెక్కపెట్టడానికి వాడబోయే, కణవిభజనను మధ్యలో ఆపే కాల్చిసిన్ ఆ మొక్కలోనూ ఉంటుంది. విషం సుమా, చేతి తొడుగులు మరవకు.

ఇక అసలు సంగతి. లిల్లీ జాతులు సుమారు వంద. అన్నీ ఉత్తరార్ధగోళానివే. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే అసలైన లిల్లీ నీలగిరి లిల్లీ ఒక్కటే. మణిపూర్‌లోని సిరోయ్ కొండ మీద 1946లో మొక్కల అన్వేషకుడు కింగ్‌డన్ వార్డ్ చూసిన గులాబి రంగు లిల్లీ ఇప్పుడు ఆ రాష్ట్ర పుష్పం. అడవి జాతుల్లో ఎక్కువవాటికి 24 క్రోమోజోములు, అంటే పన్నెండేసి చొప్పున రెండు వరసలు. లెక్క సులువుగానే ఉందనిపిస్తుంది కదా? నేనూ అలాగే అనుకున్నాను.

ఒకసారి ఊటీ నుంచి పులిలిల్లీ దుంపలు తెచ్చాను. ఒక చలికాలం ఎలాగో పూశాయి. పువ్వు పువ్వుకూ కుంచెతో వేరే లిల్లీ పుప్పొడి అద్ది, దారం కట్టి, పుస్తకంలో తేదీలు రాసుకున్నాను. ఒక్క కాయ నిలవలేదు. నీళ్లు ఎక్కువయ్యాయని పనిమనిషిని కూడా కసిరాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తప్పు నీళ్లది కాదు. తోటల్లో పెంచే పులిలిల్లీకి 36 క్రోమోజోములు, అంటే మూడేసి వరసలు. మూడింటిని ఇద్దరికి సమంగా పంచమంటే ఎలా కుదురుతుంది? పుప్పొడీ అండాలూ సరిగా తయారు కావు. ఆకుల మొదట్లో నల్లటి చిన్న లశునాలు, అంటే బుల్లి దుంపలు, పుడతాయి, వాటితోనే అది ప్రపంచమంతా పాకింది. చైనా, జపాన్లలో తినే దుంప కోసం దాన్ని తరతరాలుగా నాటుతూనే ఉన్నారు. ముందు లెక్కపెట్టి ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేది. కాబట్టి ఏ రకం చేతికొచ్చినా మొదట వేరు కొనలు కోసి క్రోమోజోములు లెక్కపెట్టు.

బజారులో ఎల్ఏ అనే రకాలు నీకు ఎదురవుతాయి. పొడుగు బాకా తెల్లపువ్వు లాంగిఫ్లోరంకీ, ఏషియాటిక్‌కీ పుట్టినవి. అక్షరాలు రెండు ఉన్నాయని వంశం సగం సగం అని రాసేయకు. ఆ దూరపు సంబంధం మామూలుగా కలవదు. అండాశయం మీది కాడను, అంటే కీలాన్ని, కోసి పుప్పొడి వేసి, చచ్చిపోబోయే పిండాన్ని తీసి గాజు సీసాలో పెంచాలి. అలా పుట్టిన మొదటి తరం దాదాపు గొడ్డుదే. ఎప్పుడో ఒక మొక్క తన క్రోమోజోములను సగం చేయకుండా మొత్తంగా పిల్లకు దాటిస్తుంది. దాన్ని మళ్లీ ఏషియాటిక్‌తో కలిపితే మూడు వరసల మొక్క వస్తుంది. రెండు వాటాలు ఏషియాటిక్, ఒకటి లాంగిఫ్లోరం. అమ్మే ఎల్ఏ రకాల్లో చాలా భాగం ఇలాంటివే. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక్కో పూర్వీకుడి క్రోమోజోముకు ఒక్కో రంగు వెలిగేలా చేసి ఈ వాటాలను కంటికి చూపించారు. రెండు రంగులు అతుక్కున్న క్రోమోజోములూ కనబడతాయి. ఆ బొమ్మలు చూస్తే నీకు ఈ పని మీద మోజు పుడుతుంది.

రూపాన్ని అసలు నమ్మకు. చైనా కొండల రీగల్ లిల్లీ, జపాన్ దీవుల లాంగిఫ్లోరం రెండూ తెల్ల బాకాలే. 1949లో లిల్లీలను వర్గీకరించిన హెరాల్డ్ కోంబర్ రెండింటినీ ఒకే విభాగంలో పెట్టాడు. డీఎన్ఏ చూస్తే రెండూ వేర్వేరు కొమ్మలు. ఆ మాటకొస్తే, వేరే ప్రజాతిగా చెప్పుకున్న నోమోకారిస్ లిల్లీల మధ్యలోనే తేలింది.

పేర్లనూ అంతగా నమ్మకు. లిల్లీ రకాల పేర్లు నమోదు చేసేది లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ. తల్లిదండ్రులు ఎవరన్నది మాత్రం పెంపకందారు చెప్పిన మాటే. 1957లో లెస్లీ వుడ్రిఫ్ అనే పెంపకందారు పుట్టించిన బ్లాక్ బ్యూటీ లాంటి రకాల జన్మవృత్తాంతం తెలుసు. చాలావాటికి తెలియదు. పెళ్లి సంబంధాలకు వచ్చే వివరాలలా చదువుకో, అంతే.

పద్ధతి విషయంలో నీ ప్రణాళికలో ఒక లోపం చూశాను. ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువు డీఎన్ఏ ఒక్కటే చదువుతానన్నావు. మనకు గోత్రం తండ్రి వైపు నుంచి వస్తే, లిల్లీకి హరితరేణువు తల్లి వైపు నుంచి వస్తుంది. సంకరజాతిలో దాన్ని ఒక్కదాన్నే అడిగితే అమ్మమ్మ ఊరే చెబుతుంది, నాన్న ఊసెత్తదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏలో ఐటీఎస్ అనే చిన్న భాగాన్నీ చదువు. యంత్రం గీసిన గీతలో ఒకే చోట రెండు శిఖరాలు కలిసి కనబడితే యంత్రం చెడిందనుకోకు, తల్లి అక్షరం, తండ్రి అక్షరం రెండూ అక్కడే ఉండి ఉండవచ్చు. రెండు సాక్ష్యాలు పొసగని చోటును దాచిపెట్టకు. నీ ప్రాజెక్టులో పనికొచ్చే పేజీ అదే అవుతుంది.

మొత్తం జన్యుక్రమం చదివేస్తానన్న ఆశ మాత్రం ఈసారికి వదులుకో. 2011లో పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో చదివిన కంది జన్యురాశి దాదాపు 83 కోట్ల అక్షరాలు. మనిషిది 300 కోట్లు. లిల్లీది సుమారు 3,600 కోట్లు, అందులో ఎక్కువ భాగం మళ్లీ మళ్లీ వచ్చేదే. ఆరు నెలల్లో అయ్యే పని కాదు. నాలుగైదు రకాలు తీసుకో, చాలు.

వేరు కొనల మీద చేయి తిరగాలంటే ముందు ఉల్లి మీద సాధన చెయ్యి. 16 క్రోమోజోములే, పెద్దవి, చవక కూడా. ఆదివారం ఇంటికి రా. గురువారమే నాలుగు ఉల్లిగడ్డలు నీళ్ల గ్లాసుల మీద పెడతాను, నువ్వు వచ్చేసరికి వేళ్లు దిగి ఉంటాయి. పొద్దున్నే రావాలి, ఎండ ఎక్కాక కాదు. నా పాత సూక్ష్మదర్శిని కటకం మీద బూజు పట్టింది, తుడవడానికి మెత్తటి గుడ్డ తీసుకురా.

మీ అత్తయ్య