పారట్ ఫిరంగా, బ్రూక్ ఫిరంగా: ఎలా గుర్తుపట్టాలి?

అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి ఈ రెండు ఫిరంగులూ చూడ్డానికి ఒకేలా ఎందుకుంటాయని అడిగారు. రెండూ పోత ఇనుముతో చేసినవే. మందు పేలినప్పుడు పగలకుండా వెనక భాగానికి ఇనుప పట్టీ తొడిగారు. అసలు గుట్టంతా ఆ పట్టీలోనే ఉంది. ఉత్తరాది పారట్‌కి ఒకే మందపాటి పట్టీ ఉంటుంది, బండి చక్రానికి పట్టా ఎక్కించినట్టు. దక్షిణాది కార్ఖానాలకు అంత పెద్ద పట్టీ చేసే వసతి లేదు. అందుకే బ్రూక్‌కి సుమారు 6 అంగుళాల వెడల్పున్న కడియాలు పక్కపక్కనే తొడిగారు. పెయింటు కింద ఆ అతుకులు కనబడకపోతే వేలితో తడిమి చూడండి. టార్చ్ ఉంటే గొట్టం లోపల గాడులు కూడా లెక్కపెట్టండి. బ్రూక్‌కి ఏడు, కుడివైపు మెలిక తిరిగి ఉంటాయి. పారట్ మూతి అంచున తయారైన సంవత్సరం చెక్కి ఉంటుంది.