గారమండ్‌లో అచ్చు పలచగా వస్తోందన్న ప్రశ్నకు

ఇంగ్లీషు వ్యాసాల పుస్తకాన్ని వర్డ్‌లోని గారమండ్ అనే ఫాంట్‌లో 10 పాయింట్లకు పెడితే ప్రూఫ్ చిన్నగా, పలచగా వచ్చింది, ప్రెస్ మార్చాలా అని అడిగారు. తొందరపడకండి, ముందు ఫాంట్ సంగతి చూద్దాం.

గారమండ్‌లో ఎ, ఓ లాంటి చిన్న అక్షరాల ఎత్తు తక్కువ. టైమ్స్ ఫాంట్‌లో 10 పాయింట్లు చాలినా, ఇందులో కనీసం 11.5 కావాలి. లైన్ల దూరం 14.5 పెట్టండి. పేజీలు పెరుగుతాయి, పెరగనివ్వండి.

ఇంకో సంగతి. వర్డ్‌లో ఉన్నది 16వ శతాబ్దపు ఫ్రెంచి అచ్చు అక్షరాల శిల్పి క్లోద్ గారమండ్ చెక్కిన అక్షరం కాదు. ఆయన 1561లో చనిపోయారు. మోనోటైప్ అనే ఫాంట్ల కంపెనీ వాళ్లు వర్డ్‌లోని ఫాంట్‌ను 17వ శతాబ్దపు ముద్రాపకుడు జాఁ జానోఁ అక్షరాల మీద ఆధారపడి చేశారు. జానోఁ అక్షరాలను గారమండ్‌వి అనుకున్న ఈ పొరపాటును 1926లో అచ్చు అక్షరాల చరిత్ర పరిశోధకురాలు బియాట్రిస్ వార్డ్ బయటపెట్టారు. వర్డ్‌లోని ఆ ఫాంట్ గీతలు మరీ సన్నం, అదే మీ ఇబ్బంది.

ఈబీ గారమండ్ వాడండి. అది ఉచితం, గారమండ్ అసలు అక్షరాలున్న 1592 నాటి నమూనా పత్రం చూసి గీసింది. నాకైతే ఎంతో ఇష్టం. అందులో మామూలు మందం రెగ్యులర్ కూడా పలచగా అనిపిస్తే, కాస్త మందమైన మీడియం ఉంది. వర్డ్‌లో ఫాంట్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో కెర్నింగ్ (పక్కపక్క అక్షరాల మధ్య ఖాళీ సర్దడం) టిక్ చేయడం మరచిపోకండి. పుస్తకానికి వాడబోయే కాగితం మీదే రెండు పేజీలు తీయించి చూడండి.