దగ్గరైనప్పుడు ఆమె బిగుసుకుపోతోంది.. సిగ్గా, అయిష్టమా?

ప్రశ్న: నా వయసు 31, నా భార్యకు 27. పెళ్లయి ఏడాది దాటింది. మామూలుగా బాగానే ఉంటాం. కలయిక సమయంలో మాత్రం ఆమె కొన్నిసార్లు కళ్లు గట్టిగా మూసుకుని, కదలకుండా ఉండిపోతుంది. వద్దని ఎప్పుడూ అనలేదు. అడిగితే ‘ఏం లేదు’ అంటుంది. సిగ్గు అనుకోవాలా, ఇష్టం లేదనుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వద్దనలేదు కదా అని సరిపెట్టుకోకుండా అడిగారు, మంచిది. కళ్లు మూసుకోవడం ఒక్కదాన్నే పట్టుకుని ఏమీ చెప్పలేం. హాయిగా ఉన్నా మూసుకుంటారు, నొప్పిని ఓర్చుకుంటున్నా మూసుకుంటారు. మిగతా ఒంటిని గమనించండి. ఆమె చేతులు మిమ్మల్ని దగ్గరకు తీసుకుంటున్నాయా, మధ్యలో అడ్డుగా ఉంటున్నాయా? దవడ, భుజాలు, తొడలు బిగుసుకుంటున్నాయా? ఊపిరి బిగపడుతోందా? మీరు కాసేపు ఆగితే తనే దగ్గరకు జరుగుతోందా, హమ్మయ్య అన్నట్టు అటు తిరుగుతోందా? నన్నడిగితే ఈ చివరిదే అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

భయం వేసినప్పుడు కొందరి శరీరం కొయ్యబారిపోతుంది. కావాలని చేసేది కాదు, నాడీవ్యవస్థ స్పందన అది. ఆ క్షణంలో ‘ఆపు’ అనే మాట కూడా నోటికి రాకపోవచ్చు. కాబట్టి మౌనం అర్ధాంగీకారం అనే లెక్క ఇక్కడ చెల్లదు. యోనిలో తడి ఊరితే ఇష్టమేననుకునే మగవాళ్లు చాలామంది ఉన్నారు. అదీ పొరపాటే. మనసు ఒప్పుకోకపోయినా తాకిడికి శరీరం అలా స్పందించవచ్చు. మగవారిలో అంగస్తంభనా అంతే. తడి లేనంత మాత్రాన ప్రేమ లేదనీ కాదు.

మీరు ఎప్పుడు అడిగారో రాయలేదు. మధ్యలోనో, అయిపోయిన వెంటనేనో అడిగితే ‘ఏం లేదు’ అనే జవాబే వస్తుంది. ఇద్దరూ తీరిగ్గా ఉన్న వేళ, పడకకు దూరంగా మాట్లాడండి. ‘ఎందుకలా ఉంటావ్’ అంటే నిలదీసినట్టుంటుంది. ‘నొప్పిగా ఉంటోందా? ఎప్పుడు ఆపమన్నా ఆపేస్తా, ఏమీ అనుకోను’ అనండి. నిజంగానే ఏమీ అనుకోకూడదు సుమా! ఆమె వద్దన్న మర్నాడు మీరు ముభావంగా తిరిగితే, ఇక వద్దనడం మానేసి ఓర్చుకోవడం మొదలుపెడుతుంది.

అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో వివరించిన ఒక పద్ధతిని సెక్స్ థెరపిస్టులు ఇప్పటికీ వాడుతున్నారు. కొన్నాళ్లు సంభోగం ఉండదని ఇద్దరూ ముందే అనుకుంటారు. రొమ్ములు, జననాంగాలు వదిలేసి వంతులవారీగా ఒకరినొకరు తాకుతారు. ఏది బాగుందో, ఏది లేదో తాకించుకునేవారే చెబుతారు. ఆ తర్వాత ఏదో జరగాలన్న ఒత్తిడి ఉండదు కాబట్టి బిగువు నెమ్మదిగా సడలుతుంది. ఇదీ ఆమెకు ఇష్టమైతేనే.

నొప్పి ఉందని చెబితే మాత్రం ప్రయత్నాలు ఆపి గైనకాలజిస్టును కలవండి. ఇన్ఫెక్షన్, పొడిబారడం, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరగడం) కారణం కావచ్చు. వెజైనిస్మస్‌లో యోని చుట్టూ ఉన్న కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి, చికిత్సతో చాలామందికి తగ్గుతుంది. డిప్రెషన్ మందులు కొన్ని కోరికను తగ్గిస్తాయి. వాడుతుంటే సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌తో మాట్లాడాలి. గతంలో ఎవరైనా వేధించిన చేదు అనుభవం ఉంటే చెప్పమని గుచ్చిగుచ్చి అడగొద్దు. తను సరేనంటే కౌన్సెలర్ సాయం తీసుకోండి. డాక్టర్ దగ్గర తను ఒంటరిగా మాట్లాడతానంటే మీరు బయట ఉండండి. లోపలి పరీక్షంటే భయంగా ఉంటే ఆ సంగతి ముందే చెప్పమనండి, తొలిరోజే చేయించుకోవాలనేం లేదు.