శాటిలైట్ ఫోటో ఉంటే కెల్ప్ లెక్క తేలినట్టేనా?

విశాఖలో ఎమ్మెస్సీ చేస్తున్నానని చెప్పి, తీరంలో సహజంగా పెరిగే కెల్ప్ (చల్లని సముద్రాల్లో ఉండే పెద్ద సముద్రపు నాచు) ఎంత ఉందో ఎలా కొలుస్తారు, శాటిలైట్ ఫోటోలు చాలవా అని అడిగారు. చాలవండి. కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర రెండు వేసవులు ఇలాంటి సర్వేల్లో డైవర్‌గా పనిచేశాను. అక్కడ నేర్చుకున్నదే చెబుతాను.

ముందు మీకు ఏం కావాలో తేల్చుకోండి. నీటి మీద కనిపించే విస్తీర్ణమా, మొక్కల సంఖ్యా, బరువా? మూడూ వేరు వేరు లెక్కలు.

అక్కడి జెయింట్ కెల్ప్ అడుగున రాతిని పట్టుకుని, పైదాకా పెరిగి, నీటి మీద పందిరిలా పరుచుకుంటుంది. కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నీరు పీల్చేసుకుంటే, కెల్ప్ మాత్రం నేల మీది చెట్టులాగే వెనక్కి పంపిస్తుంది. అందుకే ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల చిత్రంలో అది స్పష్టంగా విడిపడి కనిపిస్తుంది. 1984 నుంచి చిత్రాలున్నాయి, కెల్ప్‌వాచ్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. అంత తీరాన్ని అన్నేళ్లపాటు ఏ డైవర్లూ ఈదలేరు. కానీ ఆ చిత్రంలో ఒక్కో గడి 30 మీటర్లు. ఒడ్డు రాళ్లను ఆనుకుని పలచగా ఉన్నది జారిపోతుంది. పోటు మీద ఉన్నప్పుడు, ప్రవాహం గట్టిగా ఉన్నప్పుడు పందిరిలో కొంత మునిగిపోతుంది కూడా. డ్రోన్‌తో ఇంకా దగ్గరగా చూడొచ్చు, అయితే అదీ ఆటు సమయం చూసుకునే ఎగరెయ్యాలి.

మొదటి వేసవిలో ఒకచోట మ్యాప్‌లో కెల్ప్ దాదాపు లేదు. దిగి చూస్తే అడుగంతా లేత మొక్కలు, మోకాలెత్తు నుంచి నిలువెత్తు దాకా! చలికాలపు అలలు పాతవాటిని పెకలించుకుపోతే కొత్తవి లేస్తున్నాయి. పైదాకా ఇంకా రాలేదంతే.

కింద మేం చేసేది ఇది. 30 మీటర్ల టేపు పరిచి, అటొక మీటరు ఇటొక మీటరు, అంటే 60 చదరపు మీటర్లలో, మీటరు ఎత్తు దాటిన ప్రతి మొక్కనూ లెక్కపెట్టి, దానికి ఎన్ని కాడలున్నాయో ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. ఒక మొక్కకు మూడు కాడలుంటే పక్కదానికి ముప్పై ఉంటాయి, కాబట్టి మొక్కల సంఖ్య ఒక్కటే చాలదు. కొన్నిటిని కోసి తూచి తయారుచేసిన సూత్రంతో కాడల లెక్కను బరువులోకి మారుస్తారు.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. కాడల్ని సముద్రపు అడుగు నుంచి మీటరు ఎత్తులో లెక్కపెట్టాలి. నేను మొక్క మొదలు దగ్గరే లెక్కపెట్టేసరికి ఇంకా పైకి లేవని పిలకలన్నీ కలిసిపోయాయి. అదే టేపు మీద నాతో దిగినావిడ లెక్కకూ నాదానికీ పొంతన లేదు. ఆ రోజు నా అంకెలన్నీ తీసేశారు. చలినీళ్లలో అంతసేపు చేసిన పని పోయిందని చాలా బాధపడ్డాను. అందుకే చెబుతున్నాను, సీజన్ మొదట్లో అందరూ ఒకే టేపు మీద విడివిడిగా లెక్కపెట్టి పోల్చుకోండి.

అదే టేపు మీద కెల్ప్‌ను మేసే సీ అర్చిన్లనూ (ముళ్ల బంతుల్లాంటి సముద్ర జీవులు) లెక్కపెట్టాలి. ఉత్తర కాలిఫోర్నియాలో 2013లో అర్చిన్లను తినే నక్షత్ర చేపలకు జబ్బు వచ్చింది, 2014-16లో సముద్రం వేడెక్కింది, ఊదారంగు అర్చిన్లు విపరీతంగా పెరిగాయి. అక్కడ పెరిగే మరో రకం, బుల్ కెల్ప్, పందిరి 90 శాతానికి పైగా పోయింది. పోయిందని పైనుంచి తెలుస్తుంది. ఎందుకు పోయిందో అడుగున లెక్కపెట్టిన అంకెల్లోనే దొరికింది.

స్కాట్లాండ్, నార్వేల్లో ఎక్కువగా ఉండే లామినేరియా హైపర్‌బోరియా అనే కెల్ప్ అయితే నీటిపైకి తేలి పరుచుకోదు. అక్కడ తాడుకు కట్టి దించే కెమెరాలు, శబ్దాన్ని పంపి ప్రతిధ్వనితో అడుగును చూసే సోనార్, డైవర్లే దిక్కు.

మన నీళ్లు వెచ్చన కాబట్టి విశాఖలో కెల్ప్ పెరగదు. రాళ్ల మీద సర్గాసం అనే గోధుమరంగు నాచు ఉంటుంది, దానితో మొదలుపెట్టండి. పైపులతో అర మీటరు భుజాల చదరపు చట్రం చేసుకుని, ఆటు టైమ్ చూసి వెళ్లండి. ఒత్తుగా ఉన్నచోటే చట్రం పెట్టాలనిపిస్తుంది, అలా పెట్టకండి. ఎక్కడ పెట్టాలో ముందురోజే ఇంట్లో చీటీలు తీసి రాసుకుని వెళ్లండి.