ఆ సూట్‌కేసు సీను తీసెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ టీవీ సిరీస్ మొదటి ఎపిసోడ్ రెండుసార్లు చదివాను. నీకు చెయ్యి తిరిగింది, సందేహం లేదు. కానీ జడ్జి చీకట్లో సూట్‌కేసు అందుకుని నవ్వే సీను మాత్రం తీసెయ్. వందసార్లు చూసిందన్న మాట అటుంచు, నువ్వు ఎంచుకున్న కేసు అసలు అలా లేదు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లుజర్న్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మార్క్ సియావరెల్లా, మైకేల్ కోనహాన్ అనే ఇద్దరు జడ్జీలు ప్రైవేటు బాల నిర్బంధ కేంద్రాల వాళ్ల దగ్గర దాదాపు 28 లక్షల డాలర్లు తిన్నారు. కౌంటీ నడిపే పాత కేంద్రాన్ని 2002లో మూయించింది కోనహానే, ఆ తర్వాత పిల్లల్ని ఆ ప్రైవేటు కేంద్రాలకే పంపారు. డబ్బు సంగతి రెండు సీన్లలో తేలిపోతుంది. సియావరెల్లా బడులకు వెళ్లి, నా ముందుకొస్తే లోపలికి పంపిస్తానని పిల్లలకు ముందే చెప్పేవాడు. జడ్జి అంటే ఇలా ఉండాలని పెద్దలు మెచ్చుకున్నారు. ఆ మెప్పే వాళ్లను అన్నేళ్లు కాపాడింది. నీ స్క్రిప్టులో దాని ఊసే లేదు.

ఒక అమ్మాయి వైస్ ప్రిన్సిపాల్‌ని ఆటపట్టిస్తూ ఇంటర్నెట్‌లో పేజీ పెట్టింది. లాయరు అక్కర్లేదన్న కాగితం మీద తల్లి సంతకం పెట్టింది. కోర్టు హాల్లో ఒకటి రెండు నిమిషాల్లో విచారణ అయిపోయింది. మూడు నెలలు శిక్ష. పిల్లలకు లాయరును పెట్టుకునే హక్కుందని అమెరికా సుప్రీంకోర్టు 1967లోనే తేల్చింది. ఆ హక్కు ఒక్క సంతకంతో పోయింది. కెమెరాను ఆ కాగితం మీదే ఉంచు. సంగీతం వద్దు. చిన్న తప్పే కదా, మందలించి పంపేస్తారులే అన్న ధీమా తల్లి ముఖంలో కనబడితే చాలు, చూసేవాళ్ల గుండె జారిపోతుంది.

నా మొదటి కోర్టు కథకు ముందు వారం రోజులు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. బోనులో ఉన్న మనిషి ముఖం ఎవరూ చూడరు, అందరి కళ్లూ ఫైళ్ల మీదే. ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు. లుజర్న్ కోర్టు హాల్లోనూ ప్రాసిక్యూటర్లున్నారు, ప్రొబేషన్ ఆఫీసర్లున్నారు, గుమాస్తాలున్నారు. పైసా ముట్టనివాళ్లే చాలామంది. ఐనా నోరు మెదపలేదు. నీ కథానాయకుణ్ని వాళ్లలోంచి తీసుకో. రోజూ ఫైలు అందిస్తూ, రోజూ చూస్తూ ఊరుకున్నవాణ్ని. నీ డిటెక్టివ్ కంటే వాడు నాకు ఎక్కువ కావాలి.

జడ్జిని రాక్షసుణ్ని చేయకు. డబ్బు కోసం పిల్లల్ని జైలుకు పంపలేదనే సియావరెల్లా వాదించాడు. 2011లో జ్యూరీ 39 అభియోగాల్లో 12 రుజువయ్యాయంది, 28 ఏళ్ల శిక్ష పడింది. నేరం ఒప్పుకున్న కోనహాన్‌కు పదిహేడున్నరేళ్లు. తన మాట తానే నమ్మే మనిషిగా రాస్తే నటుడికీ పని దొరుకుతుంది.

పేర్లు, ఊళ్లు మార్చానన్నావు, మంచిదే. పిల్లల ఆనవాళ్లు కూడా మార్చు. వాళ్లిప్పుడు పెద్దవాళ్లు, టీవీ చూస్తారు.

రాష్ట్ర సుప్రీంకోర్టు 2009లో వేలాది తీర్పులు కొట్టేసిన దగ్గర నీ సీజన్ ముగించావు. అక్కడ ఆపకు. కొట్టేసేనాటికి ఆ పిల్లలు శిక్ష అనుభవించేశారు. బడికి తిరిగొచ్చిన మొదటి రోజు ఒకటి రాయి, పక్కన ఎవరు కూర్చుంటారో చూడు. ఇంకొకటి, కూతురు లేని ఇంట్లో ఆ తల్లి సాయం కోసం ఫోన్లు చేసే సీను. పిల్లల హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే ఫిలడెల్ఫియాలోని జువెనైల్ లా సెంటర్ ఆమె మాట విన్నాకే డొంక కదిలింది. ముందు ఆ ఫోను సీను రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.