కుంగుతున్న కల్వర్టును మార్చేటప్పుడు వాగు వెడల్పునే కొలతగా తీసుకోండి

మీరు అడిగింది ఇది: శంకర్‌పల్లి వైపు మీ లేఅవుట్‌కు వెళ్లే రోడ్డు ఒక వాగును దాటే చోట కల్వర్టుగా, అంటే రోడ్డు కింద నీరు పోయే దారిగా, 900 మిల్లీమీటర్ల సిమెంటు పైపులు రెండు పక్కపక్కన వేసి ఉన్నాయి. వాటి మీద రోడ్డు కుంగుతోంది. వానలు రాకముందే మార్చాలి. దిగువన చెరువు ఉంది కాబట్టి వాగు పాడవకూడదు. కాంట్రాక్టరు మాత్రం అదే సైజు కొత్త పైపులు వేస్తే సరిపోతుందని అంటున్నాడు.

సరిపోదు. నేను గ్రామీణ రోడ్ల పనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. శామీర్‌పేట వైపు మా కాలనీలో ఇలాంటి కల్వర్టునే మార్పించినప్పుడు సంఘం తరఫున పని దగ్గర ఉండి చూసుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. నీరు తక్కువగా పారుతున్నప్పుడు దిగువ వైపు దిగి చూడండి. పైపు లోపలి నుంచి కాకుండా దాని పక్క నుంచి, అడుగు నుంచి నీరు వస్తోందా? రోడ్డు మీద గునపంతో తడితే డొల్ల చప్పుడు వస్తోందా? వస్తే పైపుల చుట్టూ ఉన్న మట్టిని నీరు ఇప్పటికే లాగేసుకుపోయిందని అర్థం. పైపు పగలకపోయినా దాని మీది రోడ్డు ఏ క్షణమైనా దిగిపోవచ్చు. నీళ్ల ట్యాంకర్లు, రెడీమిక్స్ లారీలు, ఇసుక టిప్పర్లు ఆ దారిన రాకుండా వెంటనే ఆపేయండి. స్కూలు బస్సు పిల్లలను ఇవతలే దింపాలి. చీకటి పడ్డాక కనిపించేలా రెండు వైపులా అడ్డుకంచె పెట్టండి.

ఇక పైపుల సంగతి. ఒక చదరపు కిలోమీటరు మీద గంటకు ఒక సెంటీమీటరు వాన కురిసి అంతా పారితే సెకనుకు సుమారు 2.8 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే ఎవరైనా కాంట్రాక్టరును ప్రశ్నించవచ్చు. మీ వాగుకు రెండు చదరపు కిలోమీటర్ల నుంచి నీరు చేరుతుందనీ, గంటకు 5 సెంటీమీటర్ల వాన పడిందనీ, అందులో సగమే పారిందనీ అనుకుందాం. అప్పుడు కూడా సెకనుకు 14 ఘనపు మీటర్లు వస్తుంది. మీ రెండు పైపుల నోళ్లు కలిపి 1.27 చదరపు మీటర్లే. నీరు సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో దూసుకుపోయినా సుమారు 3.2 ఘనపు మీటర్లకు మించి దాటదు. మిగిలినదంతా ఎగువన నిలిచి రోడ్డు మీదికి ఎక్కుతుంది. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా వాన పడిన సంగతి మనమెవరం మరచిపోలేదు. పైగా ఆ పైపులు వేసిన నాటికి చుట్టూ చేలు, గుట్టలు ఉండేవి, సగం వాన నేలలోకి ఇంకేది. ఇప్పుడు అక్కడ సిమెంటు రోడ్లు, విల్లాలు వచ్చాయి. అదే వానకు నీరు ఎక్కువగా, ఇంకా తొందరగా వచ్చి పడుతుంది. హైదరాబాద్ రాజ్య కాలంలో ఇక్కడి పరీవాహక ప్రాంతాల వరదను అంచనా వేయడానికి ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ప్రత్యేకంగా ఒక సూత్రమే తయారుచేశారు. దక్కన్ వాగులకు ఎంత దారి వదలాలనే ఆలోచన ఈ నేలకు కొత్తది కాదు.

నీటి లెక్క ఒక్కటే చాలదు, వాగును కూడా కొలవాలి. కల్వర్టుకు బాగా ఎగువకు వెళ్లండి. పైపుల వల్ల నీరు నిలిచిన చోటు, కోసుకుపోయిన మడుగు రెండూ వదిలేసి, వాగు తన సహజ రూపంలో ఉన్న చోట ఒక గట్టు నుంచి రెండో గట్టుకు టేపు పట్టండి. ఏటా వచ్చే మామూలు వరద ఎక్కడివరకు పారుతుందో అక్కడ గడ్డి, పొదలు మొదలవుతాయి. ఆ గీత నుంచి ఆ గీతకే కొలవాలి. అలా కొన్ని చోట్ల కొలిచి సగటు తీయండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో చేపలు తిరిగే వాగులపై కల్వర్టు కట్టేటప్పుడు ఆ వెడల్పును 1.2తో హెచ్చించి, దానికి మరో 2 అడుగులు కలిపి నోటి వెడల్పు నిర్ణయించే పద్ధతి ఉంది. మన వాగులకు కూడా దానిని ధైర్యంగా వాడవచ్చు. మీ వాగు పది అడుగుల వెడల్పు ఉంటే 14 అడుగులు, అంటే నాలుగు మీటర్లకు కాస్త పైన వస్తుంది. నాలుగు మీటర్ల పైచిలుకు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న ఒకే ఒక బాక్సు కల్వర్టు (పెట్టె ఆకారపు కాంక్రీటు దారి) పెడితే పై లెక్కలోని వరద రోడ్డెక్కకుండా పోతుంది. ఆరు మీటర్లు మించనంతవరకు రోడ్లు, వంతెనల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో అది కల్వర్టే. అది దాటితేనే చిన్న వంతెన కింద చూస్తారు.

ఒకే నోరు అని ఊరికే అనలేదు. రెండు పైపుల మధ్య ఉన్న గోడకు తుమ్మ కొమ్మలు, ప్లాస్టిక్ సంచులు, పాత పరుపులు తట్టుకుని నిలిచిపోతాయి. ఆ కారణంగానే, చెత్త రాకుండా ముందు ఇనుప జాలీ బిగిద్దామని మీ కాలనీలో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పెద్ద వాన రాత్రి ఆ జాలీయే ఆనకట్ట అవుతుంది. పిల్లలు పడతారనే భయం న్యాయమైనదే, దానికి రోడ్డు అంచున గట్టి రెయిలింగు పెట్టించండి. నోటికి అడ్డంగా కేబుళ్లు, నీటి పైపులు వేలాడకుండా వాటిని పైకప్పు మీదుగా గొట్టంలో తీసుకెళ్లాలి.

ఇప్పుడు అసలు విషయం, అడుగు మట్టం. ఇరుకు పైపు నుంచి వేగంగా దూకే నీరు దిగువన గుంత తవ్వుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పైపు నోరు వాగు అడుగుకు పైన గాలిలో మిగిలిపోతుంది. మా దగ్గర నీరు మోకాలెత్తు నుంచి పడేది. తొలకరికి చెరువులోంచి ఎదురెక్కి వచ్చిన పరిగెలు, మట్టగిడసలు ఆ మడుగులో గుంపుగా చేరేవి. ఎగిరి సిమెంటు అంచుకు కొట్టుకుని వెనక్కి పడేవి. మళ్లీ ఎగిరేవి. పిల్లలు దోమతెర పట్టుకుని అక్కడే కాచుకునేవారు. గుడ్లు పెట్టడానికి ఎగువనున్న కుంటలకు, పొలాల మడుగులకు పోవలసిన చేపలు అవి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను గాలి పీల్చగలదు, తడి నేల మీద కొంత దూరం పాకగలదు, అయినా గాలిలో వేలాడే పైపు నోటిని అందుకోలేదు.

అందుచేత కొత్త బాక్సు అడుగును వాగు అడుగుకు సమానంగా కాదు, ఇంకా కిందికి దింపాలి. ఎత్తులో కనీసం అయిదో వంతు, అంటే రెండు మీటర్ల బాక్సుకు 40 సెంటీమీటర్లు, వాగు మట్టం కంటే లోతున ఉండాలి. ఆ లోతును వాగు ఇసుక, గులకరాళ్లతోనే నింపాలి. కాంట్రాక్టరు దీన్ని వృథా తవ్వకం అంటాడు. కాగితం మీద అడుగు మట్టాలు రాయించి, లెవెల్ పరికరంతో చూశాకే కాంక్రీటు పోయనివ్వండి. తవ్వేటప్పుడు వాగు అడుగున పైపొరగా ఉన్న రాళ్లు, ఇసుకను జేసీబీ మట్టిలో కలపకుండా విడిగా కుప్ప పోయించండి. తరువాత పెద్ద రాళ్లు, వాటి సందుల్లో గులకలు, చివరగా సన్న ఇసుక వేసి నీటితో తడిపి కూరాలి. సందులు పూడకపోతే వేసవిలో పారే సన్నని ధార రాళ్ల కిందికి దిగి మాయమవుతుంది, పైన చేపకు నీరు మిగలదు. మధ్యలో ఆ సన్న ధారకు ఒక చాలు వదలండి. ఒక పక్కన నీటికి కాస్త పైన రాళ్ల గట్టు ఉంచితే ఉడుములు, ముంగిసలు రోడ్డు ఎక్కకుండా కింది నుంచే దాటుతాయి.

మరో చిక్కు కూడా ఉంది. పాత పైపుల వెనక ఏళ్ల తరబడి పేరుకున్న బురద, ప్లాస్టిక్ ఉంటాయి. నోరు పెద్దదై మట్టం దిగగానే అదంతా ఒక్క వానకు చెరువులో పడుతుంది. పని మొదట్లోనే దాన్ని ఎత్తి బయటికి పంపండి. కొత్త మట్టం వల్ల ఎగువ అడుగు కోసుకుపోతూ వెనక్కి నడవకుండా అక్కడక్కడ బండరాళ్లను అడ్డంగా, భూమిలో పాతి వేయించాలి. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లకు మించకూడదు. దిగువన నునుపైన కాంక్రీటు పళ్లెం కంటే వదులు బండరాళ్లు నయం. అలాంటి కాంక్రీటు పళ్లెం (ఏప్రాన్) తప్పదంటే దాని పైభాగం కూడా వాగు అడుగుకు కిందే ఉండాలి, చివర నీరు కిందినుంచి కోయకుండా ఆపే లోతైన కటాఫ్ గోడ ఉండాలి.

పని ఫిబ్రవరిలో మొదలుపెట్టి మే మధ్యకల్లా ముగించాలి. సాధారణంగా రుతుపవనాలు జూన్ రెండో వారానికల్లా మనల్ని తాకుతాయి, ఏప్రిల్, మే నెలల్లో గాలివానలు ఎలాగూ ఉంటాయి. వాగు ఎండినట్టు కనిపించినా ఇళ్ల నుంచి వచ్చే నీరు కొంత పారుతూనే ఉంటుంది. ఎగువన ఇసుక బస్తాలతో, పాలిథిన్ షీటు కప్పి అడ్డు కట్టండి. మట్టితో కట్టవద్దు, అది తెగితే బురదంతా చెరువుకే. అక్కడినుంచి ఒక పైపు ద్వారా నీటిని పని స్థలం దాటించి దిగువన రాళ్ల మీద వదలండి. దిగువన కూడా చిన్న అడ్డు ఉండాలి. మధ్యలో మిగిలిన మడుగును తోడేముందు చేపలను వలతో పట్టి బకెట్లలో చెరువుకు చేర్చాలి. మాకు చెరువు మత్స్యకారుల సంఘం వాళ్లు తెల్లవారుజామునే వచ్చి ఆ పని ఎంతో శ్రద్ధగా చేసిపెట్టారు. మీరూ వారినే అడగండి. మోటారు గొట్టం చివర జాలీ బుట్ట కట్టండి. గుంతలోంచి తోడిన మురికినీటిని వాగులోకి కాకుండా పక్కనున్న బీడు భూమిలోకి వదిలితే మట్టి గడ్డిలోనే ఆగిపోతుంది.

సిమెంటు విషయంలో మాత్రం కాస్త కఠినంగా ఉండండి. తడి కాంక్రీటును తాకిన నీటి క్షారత పీహెచ్ 12 దాటుతుంది. అది మడుగులోకి చేరితే చేపల మొప్పలు కాలిపోతాయి. మిక్సరు కడిగిన నీరు, పారలు కడిగిన నీరు, కాంక్రీటు గట్టిపడటానికి పట్టే క్యూరింగ్ నీరు ఏదీ వాగులోకి పోకూడదు. గట్టు మీద దూరంగా షీటు పరిచిన గుంత ఒకటి తవ్వించండి. వీలైతే ముందే పోసిన బాక్సులు తెప్పించి క్రేన్‌తో దింపించుకోండి. వాగులో కాంక్రీటు పని చాలావరకు తప్పుతుంది, రోడ్డు మూసే కాలం బాగా తగ్గుతుంది. పైన కరెంటు తీగలుంటే విద్యుత్ శాఖతో ముందే మాట్లాడాలి. బాక్సు పక్కల్లో మొరం రెండు వైపులా సమంగా, 15-20 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిస కొట్టించండి. మీ పాత కల్వర్టు కుంగడం మొదలైంది బహుశా అక్కడినుంచే.

అనుమతి లేకుండా సంఘం డబ్బుతో పని మొదలుపెట్టకండి. వాగు ప్రభుత్వానిది. నీటిపారుదల శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ), స్థానిక సంస్థ అనుమతి రెండూ కావాలి. తహసీల్దారు కార్యాలయంలో గ్రామ నక్షా తీసుకుని వాగు అసలు హద్దులు చూసుకోండి. 2012లో వచ్చిన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 మీటర్ల లోపు వాగుకు హద్దు నుంచి 2 మీటర్లు, అంతకంటే వెడల్పైన వాగుకు 9 మీటర్లు ఖాళీ స్థలం (బఫర్) వదలాలి. గట్టు మట్టిని ఆపే రిటైనింగ్ గోడ పేరుతో ఎవరైనా వాగును లోపలికి నెడితే సంఘమే అభ్యంతరం చెప్పాలి.

పని అయ్యాక ఎగువ అడ్డును ఒక్కసారిగా తీయకండి. ముందు ఒక బస్తా తీసి, మొదట వచ్చే మురికిని దిగువ అడ్డు దగ్గర తోడేసి, నీరు తేటపడ్డాకే మిగిలినవి తొలగించండి. గట్ల మీద వావిలి కొమ్మలు, వట్టివేరు నాటితే రెండు వానాకాలాల్లో మట్టిని పట్టుకుంటాయి. తొలి పెద్ద వాన తగ్గగానే దిగువ రాళ్లు కదిలాయా, బాక్సులో ఇసుక నిలిచిందా చూసి, ఖాళీలుంటే రెండో వానకు ముందే నింపండి.

వాగు వెడల్పు కొలతలు, ఎగువ, దిగువ అడుగు మట్టాల తేడా, దిగువ మడుగు లోతు ఇక్కడ రాయండి. బాక్సు కొలత, దింపవలసిన లోతు లెక్కవేసి చెబుతాను. వాటితో మీ కాంట్రాక్టరు ఇచ్చిన డ్రాయింగును పోల్చుకోవచ్చు.