కర్నూల్లో రూము తీసుకున్న మా అబ్బాయికి

నాయనా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నీకు కర్నూల్లో రూము కుదిరిందని, గ్యాసు, కుక్కరు, మిక్సీ అన్నీ కొనిపెట్టామని, అయినా రాత్రిళ్లు బయటి తిండే తింటున్నావని చెప్పింది. "మీరైనా వాడికి నాలుగు మాటలు చెప్పండి బావా" అంది. ఫోన్లో చెబితే సరే సరే అని పెట్టేస్తావు. అందుకే కడప నుంచి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా. ఆ జిల్లాలో ఆలూరు, పత్తికొండ వైపు ఊళ్లన్నీ తిరుగుతూ పంతులు పని చేసినవాణ్ని నేను. ఒక్కడికి వండుకుని తినడమెట్లాగో నాకు బాగా తెలుసు.

ముందు అసలు సంగతి విను. రూముల్లో ఉండే పిల్లలు వంట రాక బయట తినరు. ఆకలయ్యాక వంట మొదలుపెట్టబోతారు, అదీ చిక్కు. రాత్రి ఎనిమిదింటికి పని నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, అప్పుడు ఎర్రగడ్డలు ఎక్కడున్నాయని వెతుక్కుంటే ఎవరికైనా విసుగే. చెయ్యి దానంతట అదే ఫోన్ మీదికి పోతుంది. కాబట్టి ఆ ఎనిమిది గంటల ఆకలి రాకముందే దానికి ఏర్పాటు చేసి పెట్టుకోవాలి. నేను చెప్పేవన్నీ దాని కోసమే.

ఈ ఆదివారం పొద్దున చెనక్కాయల పొడి కొట్టుకో. పావుకిలో విత్తనాలు తెచ్చి ముందు పళ్లెంలో పోసి ఏరు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి నిర్దాక్షిణ్యంగా పారెయ్. ఆ బూజులో ఉండే విషం వేయించినా పూర్తిగా పోదు. తర్వాత బాండ్లి పెట్టి సన్న మంట మీద ఓపిగ్గా వేయించు. పెద్ద మంట పెడితే పైన మాడిపోయి లోపల పచ్చిగానే ఉంటాయి. చిటపట తగ్గాక ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలుపు. పొట్టు సులువుగా ఊడిపోవాలి, లోపల లేత గోధుమ రంగు కనిపించాలి. అప్పుడు దించి, అదే బాండ్లిలో నాలుగు చుక్కల నూనె వేసి పది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర వేయించు.

అన్నీ పూర్తిగా చల్లారనివ్వు. ఇక్కడ తొందరపడ్డావా, పొడి కాదు, ముద్ద అవుతుంది. ముందు మిరపకాయలు, జీలకర్ర, ఉప్పు మెత్తగా తిప్పుకుని, ఆ తర్వాత విత్తనాలు వేసి మిక్సీని ఆపి ఆపి తిప్పు. ఒక్క బిగిన తిప్పితే నూనె వదిలేస్తుంది. చివర్లో ఆరేడు తెల్లగడ్డ పాయలు వేసి ఒక్క తిప్పు తిప్పి తియ్. కొంచెం బరకగా ఉంటేనే నోటికి బాగుంటుంది. తడిలేని సీసాలో పోసి, తడి చెంచా పెట్టకుండా వాడుకుంటే రెండు వారాలు నిశ్చింత. వేడన్నంలో నెయ్యి, ఈ పొడి కలుపుకుంటే ఇంకో కూర అక్కర్లేదు. దోసె మీద చల్లుకోవచ్చు. వంకాయ వేపుడు దించే ముందు రెండు చెంచాలు చల్లితే దాని రుచే మారిపోతుంది.

ఇక బొరుగులు. నీ గదిలో ఎప్పుడూ ఒక పెద్ద ప్యాకెట్ బొరుగులు, ఒక డబ్బా పుట్నాల పొడి ఉండాలి. ఆ బొరుగులతో చేసే ఉగ్గాణి పొద్దున టిఫినే కావాలని ఎవరూ శాసనం రాయలేదు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చినవాడికి ఎనిమిదింపావుకల్లా ప్లేట్లో ఉండే తిండి అది. బొరుగుల్ని వెడల్పాటి గిన్నెలో నీళ్లలో ముంచి, అరచేత్తో అదిమి, అన్నీ తడవగానే తీసి పిండెయ్. నిమిషానికి మించి నానబెట్టకు, పిండిపిండి అయిపోతాయి. బాండ్లిలో ఆవాలు, కరివేపాకు, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి వేగాక ఒక టమాటా, పసుపు వేసి మగ్గించి, అందులో బొరుగులు వేసి కలుపు. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసి వెయ్యి, బొరుగుల్లో ముందే కొంత ఉప్పు ఉంటుంది. పుట్నాల పొడి రెండు మూడు చెంచాలు పైన చల్లి, పొయ్యి ఆపేశాక నిమ్మకాయ పిండు. మంట మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది. దీనికి తోడు మిరపకాయ బజ్జి కావాలంటే ఆ ఒక్కదానికి వీధిలోకి వెళ్లు, నేనేమీ అనను. ఒక్కడి కోసం నూనె మూకుడు పెట్టడం దండగ.

పప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. "మూడు విజిల్స్ వచ్చినా ఉడకట్లేదు" అన్నావట మీ అమ్మతో. పప్పును అనుమానించే ముందు నీళ్లను చూడు. మన సీమలో చాలాచోట్ల బోరు నీళ్లు చవుడు. నీ బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటుందే, ఆ సున్నమే పప్పును మెత్తబడనివ్వదు. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లు పప్పుకు పొయ్యి. కందిపప్పు కడిగి అరగంట నానబెట్టు. చింతపండు మాత్రం కుక్కర్లో వెయ్యొద్దు, పులుపు తగిలితే పప్పు మెత్తబడటానికి చాలా సేపు పడుతుంది. పప్పు, పచ్చిమిర్చి, పసుపు, ఆకుకూర వేసి ఉడికించి, మూత తీశాక చింతపండు పులుసు, ఉప్పు వేసి పప్పుగుత్తితో ఎనుపు. మిక్సీలో వేస్తే జావ అవుతుంది, పప్పు కాదు. తర్వాత తాలింపు. తెల్లగడ్డను చిదిమి వెయ్, ఎర్రగా వేగనివ్వు.

కుక్కర్లో పప్పు ఎప్పుడూ సగానికి మించి పొయ్యొద్దు. నురగ పొంగి విజిల్ దారి మూసుకుపోతుంది. వాడే ముందు ఆ విజిల్ గొట్టంలోకి వెలుతురు కనిపిస్తుందో లేదో ఒకసారి కన్ను పెట్టి చూడు. ఆవిరి పూర్తిగా పోకుండా మూతతో కుస్తీ పట్టకు.

అన్నానికి ఒకటే మాట. బియ్యం కొనేటప్పుడు కొత్తవా పాతవా అని అడుగు. అక్కడి సోనా బియ్యం మంచివే, కానీ కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పట్టాలి, పాతవాటికి ఎక్కువ. బస్తా మారినప్పుడల్లా మొదటి రోజు కొద్దిగా వండి చూసుకో.

ఇప్పుడు సంగటి. నువ్వు కడప జిల్లా పిల్లోడివి. సంగటి గెలకడం రాకుండా పెళ్లి చేసుకుంటే మన ఇంటి పరువు నిలవదు. పైగా పాలు సరిగా తాగని నీలాంటివాళ్లకు రాగులు చాలా అవసరం. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. మందమైన గిన్నె ఒకటి కొనుక్కో. అర గ్లాసు నూకలు కడిగి కాసేపు నాననిచ్చి, మూడు గ్లాసుల నీళ్లలో ఉడికించు. మెతుకు పట్టుకుంటే గుజ్జయిపోయేంత మెత్తగా ఉడకాలి, గిన్నెలో ఇంకా నీళ్లు తుకతుకమంటూ ఉండాలి. ఉప్పు వెయ్యి. అప్పుడు ఒక గ్లాసు రాగి పిండి మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో ఆ కుప్ప నడుమ ఒక బొక్క పెట్టు. కలపకు. మంట బాగా తగ్గించి మూత పెట్టి పది నిమిషాలు దాని జోలికి పోకు. కింది నీళ్లు ఆ బొక్కలోంచి పైకి ఉబికి పిండిని తడుపుతాయి, ఆవిరికి పిండి ఉడుకుతుంది.

మూత తీసేసరికి పచ్చి పిండి వాసన పోయి కమ్మటి వాసన రావాలి. రాకపోతే ఇంకో రెండు నిమిషాలు. అప్పుడు గిన్నె దించి, కింద పీట మీదనో గుడ్డ మీదనో కదలకుండా పెట్టుకుని, రెండు చేతులతో కట్టె పట్టుకుని గెలుకు. అంచుల నుంచి మధ్యలోకి ఒత్తుతూ గెలకాలి. ఉండలు కనిపిస్తే కట్టెతో గిన్నె గోడకేసి అదుము. గట్టిగా అనిపిస్తే పక్కన పెట్టుకున్న వేడినీళ్లు చిలకరించు, చన్నీళ్లు పోస్తే బంక తేలుతుంది. చెయ్యి తడి చేసుకుని సంగటి ముట్టుకుంటే వేలికి అంటకూడదు. అట్లయితే ఉడికినట్టు. తడి గిన్నెలోకి కొంచెం తీసుకుని గుండ్రంగా తిప్పితే ముద్ద అదే అవుతుంది.

ముద్దను నమలకు నాయనా. తుంచి, బొటనవేలితో గుంట చేసి, పప్పో చెనక్కాయల చట్నీయో అద్దుకుని మింగాలి. ఆదివారం నాటుకోడి పులుసైతే ఇక చెప్పేదేముంది. ఈ కొలత ఇద్దరికి సరిపోతుంది, పక్క గది అబ్బాయిని పిలువు. మిగిలితే పొద్దున మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ ముక్కలు, ఉప్పు వేసుకుని తాగి పనికి వెళ్లు. మధ్యాహ్నం దాకా ఆకలి నీ వంక చూడదు. జొన్న రొట్టెల జోలికి మాత్రం ఇప్పుడే పోకు. అది చేతికి అలవడటానికి నెలలు పడుతుంది, అక్కడ సాయంత్రాలు వీధుల్లో కాల్చి అమ్మే ఆడవాళ్ల చేతి రొట్టె ముందు మనం ఏ మూలకు? రెండు కొనుక్కొచ్చి ఇంట్లో పప్పుతో తిను.

కూరగాయలకు వారానికి ఒకసారి సి క్యాంపు రైతుబజారుకు వెళ్లు. 1999లో రైతుబజార్లు వచ్చినప్పటి నుంచి నాకు అదే అలవాటు. గేటు దగ్గర ఆ రోజు రేట్ల బోర్డు ఉంటుంది, ముందు అది చదివి లోపలికి నడువు. ఒక్క మనిషికి పావుకిలో చొప్పున చాలు. కిలో చవకని కిలో కొంటే ముప్పావు చెత్తబుట్టకు పోతుంది. ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో వండేసెయ్, ఆ తర్వాత బీర, సొర, బెండ, వారం చివరికి ఆలుగడ్డ, ఎర్రగడ్డ. టమాటా మాత్రం ధర పడిపోయినప్పుడు నాలుగు కిలోలు ఎక్కువే కొను. పత్తికొండ వైపు రైతులు గిట్టుబాటు లేక రోడ్డు పక్కన పారబోసే రోజులు నేను కళ్లారా చూశాను. అలాంటప్పుడు బేరమాడకుండా కొని, ముక్కలు కోసి, నూనె, ఉప్పు, చింతపండుతో దగ్గరికయ్యేదాకా మగ్గించి కారం, మెంతిపొడి కలిపి పెట్టుకుంటే నీకు నెల రోజులు పచ్చడి. రైతుకూ నాలుగు రూపాయలు.

ఎండాకాలం అక్కడ 43, 44 డిగ్రీలు మామూలే. పాలు పొద్దున తేగానే కాచెయ్. చిటికెనవేలు పెడితే గోరువెచ్చగా తగలాలి, అప్పుడు తోడు వెయ్. మే నెలలో అర చెంచా తోడు చాలు, ఐదు గంటల్లో పేరుకుంటుంది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు. డిసెంబర్లో చెంచాన్నర వేసి రాత్రంతా వదిలెయ్. మజ్జిగ ఉన్న ఇంట్లో ఎవరూ పస్తు పడుకోరు, అది గుర్తు పెట్టుకో.

గ్యాసు విషయంలో నీతో ఒట్టు వేయించుకోవాలని ఉంది. పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టెయ్. వాసన వస్తే లైట్ స్విచ్ వెయ్యొద్దు, ఆర్పనూ వద్దు, కిటికీలు తలుపులు తీసి బయటికొచ్చి 1906కు ఫోన్ చెయ్. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకో, ఉత్తరం తర్వాత చదువుదువు.

మిగతావి చిన్నవే. తిన్న గిన్నెలో అప్పుడే నీళ్లు పోసి పెట్టు, ఎండిపోయిన సంగటి గిన్నె తోమడం కంటే పెద్ద శిక్ష లేదు. రేపటి పప్పు, చింతపండు రాత్రి పడుకునే ముందే కొలిచి గిన్నెల్లో పెట్టుకో. పంపు నీళ్లు ఏ రోజు ఏ వేళకు వస్తాయో ఇంటివాళ్లను అడిగి గోడ మీద రాసుకో. వాళ్లను పెద్దమ్మా, పెద్దాయనా అని నోరారా పిలువు. పండక్కి ఊరి నుంచి ఏం తెచ్చుకున్నా ముందు వాళ్లకు కొంచెం ఇవ్వు. జ్వరమొచ్చిన రోజు మీ అమ్మ చేరుకునేలోపు నీకు జావ కాచి ఇచ్చేది వాళ్లే. అన్నం తినేటప్పుడు ఫోన్ బోర్లా పెట్టు. వండింది కుదరకపోతే టెన్షన్ పడకు, కొంచెం మజ్జిగ పోసుకుని తినెయ్, మర్నాడు ఉప్పు చూసుకో.

వారమంతా వండుకున్నాక శనివారం రాత్రి ఫ్రెండ్స్‌తో హోటల్‌కు వెళ్లు, బిర్యానీ తిను. దానికి ఎవరూ అడ్డం చెప్పరు. వద్దనేది విసిగిపోయి, ఆకలికి ఓడిపోయి తినే తిండిని మాత్రమే.

మన ఊరి అబ్బాయి ఒకడు గురువారం కర్నూలు వస్తున్నాడు. వాడి చేతికి రెండు కిలోల రాగి పిండి, కొత్త సంగటి కట్టె, మీ పెద్దమ్మ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ పంపిస్తున్నా. కట్టెను మొదటిసారి వాడే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టుకో, లేకపోతే చీలుతుంది. ఊరగాయ జాడీ గాజుది, జాగ్రత్తగా దించుకో. సంగటి గెలికిన రోజు ఒక ఫోటో పెట్టు. ఉండలు కట్టినా సరే పెట్టు, నీళ్లు తక్కువయ్యాయో మంట ఎక్కువయిందో చూసి చెబుతా.

మీ పెదనాయన
కడప